కాలేజీకి ఒక్క ప్రోగ్రామరు

చెన్నకేశవులు మాస్టారి గది బయట ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అన్న బోర్డు ఉన్నా, ఊళ్లో అందరూ ఆయన్ను ఉద్యోగాల మాస్టారనే అంటారు. కోనసీమలో గోదావరి పాయకు ఆనుకుని, కొబ్బరితోటల మధ్య నాలుగంతస్తుల అద్దాల భవనంలో ఉన్న శ్రీ కామాక్షీ ఇంజనీరింగ్ కళాశాల పిల్లలకు కంపెనీలను వెతికిపెట్టడం ఆయన పని. కంపెనీవాళ్లకు ఫోన్లు చేస్తాడు. వస్తామంటే కారు పంపిస్తాడు. వచ్చినవాళ్లకు పూతరేకులు పెట్టి, వెళ్లేటప్పుడు మరో పొట్లం కారులో పెట్టిస్తాడు. మనిషి మెత్తన. ఎవరినీ కాదనలేడు. ఆ గుణం వల్లే ఏళ్ల తరబడి ఆ కుర్చీలో ఉన్నాడు. ఆ గుణం వల్లే ఒక్కరోజు కూడా అందులో వెనక్కి జారగిలబడి కూర్చోలేదు.

పోయినేడు ఆయన చేతి చలువ వల్ల కంప్యూటర్ సైన్సు పిల్లలు అరవై మందిలో నలభై మంది ఒకే కంపెనీలో చేరారు. కాలేజీ ఆ నలభై ముఖాలతో హైవే పక్కన ఇంటి ఎత్తు ఫ్లెక్సీ కట్టింది. కొంప మునిగింది అక్కడే.

ఆ దారిన కారులో వెళ్తున్న ఒక పెద్ద అధికారి ఆ ఫ్లెక్సీని చూశాడు. ఆయన అప్పుడే రాజధానిలో ఒక సదస్సు నుంచి వస్తున్నాడు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక్క సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే కాదు, ఆసుపత్రుల్లో, పొలాల్లో, వాతావరణ కేంద్రాల్లో, సినిమాల్లో కూడా పనిచేస్తున్నారనీ, సమాజాన్ని మారుస్తున్నారనీ అక్కడ ఎవరో చెప్పారు. చెప్పినాయన నిజమే చెప్పాడు. అయితే ఎంత నిజమైన మాటకైనా ఆఫీసులోకి వెళ్లి బయటికొచ్చేసరికి పోలికలు మారిపోతాయి. రెండు నెలలు తిరక్కుండానే ‘వృత్తి వైవిధ్య, సామాజిక ప్రభావ మదింపు మండలి’ అని ఒకటి ఏర్పడింది. దాని మొదటి ఉత్తర్వు కాలేజీకి వచ్చింది.

“కంప్యూటర్ శాస్త్ర పట్టభద్రులు సకల రంగాలలోనూ విస్తరించి సమాజంపై బహుముఖ ప్రభావమును ప్రసరింపజేయవలసిన చారిత్రక ఆవశ్యకత దృష్ట్యా, ఒక కళాశాల నుండి ఒక సంవత్సరమున ఒకే వృత్తిని ఇరువురు అవలంబించరాదు. అవలంబించినచో రెండవ వారిని పునరుక్తి దోషముగా పరిగణించి కళాశాల శ్రేణిని తగ్గించవలసి యుండును. ప్రతి పట్టభద్రుడును తన వలన లబ్ధి పొందినవారిని తనిఖీ దినమున హాజరుపరచవలెను.”

కాలేజీ కరస్పాండెంటు వెంకటపతిరాజు గారు రొయ్యల చెరువుల్లో గడించి చదువుల్లో పెట్టిన మనిషి. ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుని, అర్థమైనట్టు తలాడించాడు.

“బాగానే ఉంది కదండీ మేష్టారూ. చెరువు నిండా ఒకే రకం రొయ్యపిల్లని వదిలితే, తెగులొచ్చిందంటే అన్నీ ఒకేసారి పోతాయి. వాళ్లు చెప్పేదీ అదే.”

“పిల్లలు రొయ్యలు కాదు కదండీ,” అన్నాడు చెన్నకేశవులు.

“శ్రేణి తగ్గిందనుకోండి, సీట్లు కోసేత్తారు. సీట్లు పోతే ముందు పోయేది మీ కుర్చీ. మీరేం చేత్తారో నాకు తెలీదు. అరవై మందికీ అరవై పనులు చూడండి.” రాజుగారు లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. “అన్నట్టు, ప్రోగ్రామరు పని మా మేనల్లుడు చంటికి రాసేయండి.”

చంటి నాలుగేళ్ల చదువులో కంప్యూటరు మీద పెట్టింది హెల్మెట్ ఒక్కటే. అయినా ఆ సాయంత్రానికల్లా కాలేజీకి అనుమతించిన ఏకైక ప్రోగ్రామరు అతడే అయ్యాడు.

మర్నాడు పొద్దున్నే సత్యవేణి వచ్చింది. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే ధనరాజు కూతురు ఆ అమ్మాయి. ఆమె చేతిలో విశాఖపట్నం కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు కాగితం ఉంది. ఏ గ్రూపు రక్తం ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో అప్పటికప్పుడు చూపించే ప్రోగ్రాములు రాస్తుంది ఆ కంపెనీ. సత్యవేణి మూడో ఏడులో ఉండగా పక్కింటి బాలింతకు రక్తం కావలసి వచ్చింది. ధనరాజు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరుగుతూ ఆ రోజంతా ఏరు అటూ ఇటూ దాటుతూనే ఉన్నాడు. బాలింత బతికింది కాని, రక్తం చివరికి దొరికింది ఇంటికి అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలోనే. ఆ వారమే కూర్చుని చుట్టుపక్కల ఆసుపత్రులకు సరిపోయే చిన్న ప్రోగ్రాము ఒకటి రాసింది సత్యవేణి. అది చూశాకే ఆ కంపెనీ పిలిచింది.

“కాలేజీకి అభ్యంతరం లేదని ఒక ఉత్తరం కావాలంటున్నారండి మాస్టారూ. వచ్చే నెల మొదట్లో చేరిపోవాలి,” అంది నవ్వుతూ.

చెన్నకేశవులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

“ప్రోగ్రామరు అయిపోయిందమ్మా.”

“అయిపోవడమేటండి? అదేమన్నా టిఫినా?”

ఆయన ఉత్తర్వు చూపించాడు. ఆమె నిలబడే చదివి, తర్వాత కుర్చీలో కూర్చుంది.

“మరి నన్నేమవ్వమంటారండి?”

“మిగిలినవి చెబుతాను. తేనెటీగలు... లేదు, అది నిన్న పోయింది. గవ్వల బొమ్మలు. పురోహితం ఉంది గాని నీకు కుదరదు. హరికథ.”

“నేను ఉత్తరం అడుగుతుంటే మీరు హరికథ చెబుతున్నారేటండి?”

“నేను చెప్పడం కాదమ్మా, నువ్వు చెప్పాలి. తనిఖీ అయ్యేదాకా అంతే. తర్వాత రాజుగారిని నేను అడుగుతాను కదా.”

అడగలేడని ఆయనకూ తెలుసు. ఆ అమ్మాయికీ తెలిసిందేమో, ఉద్యోగపు కాగితం మడుచుకుని వెళ్లిపోయింది. ఆ పూట చెన్నకేశవులుకు క్యారేజీ విప్పబుద్ధి కాలేదు.

ఆ తర్వాత నెల్లాళ్లూ ఆయన గది సంతలా ఉండేది. దర్జీ పని రాయించుకుంటామని ఇద్దరు వచ్చారు. నూకరాజు ముందొచ్చాడు గనక అతనికిచ్చి రెండోవాణ్ణి పొమ్మంటే, వాడు వినలేదు.

“ఆడు జాకెట్లు కుడతాడండి. నేను ప్యాంట్లు. జాకెట్టూ ప్యాంటూ ఒకటేనా? మీరే చెప్పండి!”

ఆ సంగతి తేల్చడానికి ప్రిన్సిపాలు గారు ఆచార్యుల సమావేశం పెట్టారు. నడుముకు పైన, నడుముకు కింద అని రెండు వేర్వేరు వృత్తులుగా గుర్తిస్తూ తీర్మానం చేశారు. పోలీసు ఉద్యోగం వచ్చిన ఇద్దరిలో ఒకణ్ణి రాజీనామా చేయమన్నారు. వాళ్ల నాన్న గొడ్డలి పట్టుకుని వచ్చాక, పగటి పోలీసు, రాత్రి పోలీసు అని సర్దారు. ఏసుపాదం బాతులు మేపుతానన్నాడు. బాతులకు పోటీ రాలేదు.

ఏ పనీ దొరకని వాళ్లతో అసలు చిక్కు వచ్చింది. ఖాళీగా ఉండటం కూడా సమాజంలో ఒక స్థితే కనక దాన్నీ వృత్తుల్లో చేర్చవచ్చని మండలి వివరణ పంపింది. కాని కాలేజీకి ఒక్కరే ఖాళీగా ఉండాలి. ఆ ఒక్క చోటుకు పదకొండు మంది పోటీపడ్డారు. చెన్నకేశవులు వాళ్లను కూర్చోబెట్టి ఒక్కొక్కరినే విచారించాడు. ఉద్యోగం వెతుకుతూ ఖాళీ, వెతక్కుండా ఖాళీ, వెతికి విసిగి ఖాళీ, పెళ్లయ్యేదాకా ఖాళీ, అన్నయ్య కువైట్ నుంచి పంపిస్తున్నాడు గనక ఖాళీ... తీరా చూస్తే పదకొండు మందీ పదకొండు రకాలుగా ఖాళీ. మన పిల్లల్లో ఇంత వైవిధ్యం ఉందని ఇన్నాళ్లూ గమనించనే లేదని ప్రిన్సిపాలు గారు మురిసిపోయారు.

సత్యవేణి మాత్రం ఎవరి మీదా అరవలేదు. ఊళ్లో ఒక పెద్దావిడ దగ్గర చిరతలు పట్టడం నేర్చుకుంది. గొంతు మంచిదే. రెండు వారాల్లో గజ్జె కట్టి నిలబడింది. ఒకసారి కాలేజీ మెట్ల మీద ఎదురైనప్పుడు చెన్నకేశవులు పలకరించాడు.

“ఎలా సాగుతోందమ్మా?”

“బాగానే ఉందండి. మొన్న మా రేవులో చెప్పాను. జనం ఏడ్చారండి.”

“ఏం కథ?”

“రక్తం దొరకని బాలింత కథేనండి. నాకు తెలిసిన కథ అదొకటే కదా.”

ఆయన మెట్లు దిగడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాడు.

తనిఖీ రోజు రానే వచ్చింది. ముగ్గురు సభ్యులు కారు దిగారు. అధ్యక్షులు ఆచార్య పరాంకుశం గారు తెల్లటి పంచె, బంగారు రంగు కళ్లజోడు, మెడలో కండువాతో ఉన్నారు. సభామందిరం నిండా బల్లలు. ఒక్కో బల్ల వెనక ఒక్కో పట్టభద్రుడు, వాడి సరంజామా, వాడి వల్ల లబ్ధి పొందిన జనం. ఓ మూల బాతులు అరుస్తున్నాయి.

పరాంకుశం గారు నూకరాజు బల్ల దగ్గర ఆగారు.

“నాయనా, నీవు అభ్యసించిన కంప్యూటర్ విద్య నీ వర్తమాన వృత్తికి ఏ విధముగా దోహదపడుచున్నది?”

“మిషను మొరాయిస్తే ఓసారి ఆపి మళ్లీ వేత్తానండి.”

“భేష్! జ్ఞాన బదలాయింపు. రాసుకోండి,” అన్నారు పక్కనున్న సభ్యుడితో.

వెతక్కుండా ఖాళీగా ఉన్న కుర్రాడి బల్ల మీద ఏమీ లేదు. “నీ సామాజిక ప్రభావమేమి?” అని అడిగారు.

“నేను పగలంతా అరుగు మీదే ఉంటానండి. మా వీధిలోకి దొంగలు రావట్లేదు.”

ముగ్గురు సభ్యులూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆ బల్లకు పూర్తి మార్కులు పడ్డాయి.

ఏసుపాదాన్ని లబ్ధిదారులెవరని అడిగితే బాతుల వైపు చూపించాడు. బాతులను వ్యక్తులుగా గణించవచ్చునా అన్న అంశం మండలి తదుపరి సమావేశానికి వాయిదా పడింది. సత్యవేణి పట్టుచీర కట్టి, మెడలో దండ వేసుకుని, కాళ్లకు గజ్జెలతో కాసేపు కథ చెప్పింది. పరాంకుశం గారు కళ్లు మూసుకుని విన్నారు. “హరికథా రంగమున కంప్యూటర్ శాస్త్ర ప్రవేశము అపూర్వము,” అన్నారు.

రాజుగారి ముఖం వెలిగిపోతోంది. ఇక నివేదికను మండలి వెబ్‌సైటుకు పంపడం ఒక్కటే మిగిలింది. సాయంత్రం అయిదుకు గడువు. మండలివారి లాప్‌టాప్‌లో అరవై పేర్లూ అంతకుముందే ఎక్కించి ఉంచారు. సభ్యుడు మీట నొక్కాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

పునరుక్తి దోషము. తిరస్కరించబడినది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. అరవై మందిలో మొదటి పేరు తీసుకుని మిగిలిన వాళ్లందరినీ తోసేస్తోంది.

“మీ ప్రోగ్రామరును పిలిపించండి,” అన్నారు పరాంకుశం గారు.

చంటిని తెచ్చారు. అతడు లాప్‌టాప్‌ను ఎత్తి అడుగున చూశాడు. నోటితో ఊదాడు. “చార్జింగ్ ఉందా?” అని అడిగాడు. ఉందన్నారు. “అయితే నాకు తెలీదండి,” అని నిజాయితీగా ఒప్పుకుని పక్కకు తప్పుకున్నాడు.

“మీరైనా చూడండయ్యా,” అన్నాడు రాజుగారు సభ్యులతో. “మీరు ముగ్గురూ కంప్యూటర్లలో డాక్టర్లంట కదా.”

“వాస్తవమే,” అన్నారు పరాంకుశం గారు. “అయితే వైవిధ్యము దృష్ట్యా నేను పరిపాలనకును, వీరు యోగాసనములకును, వారు కొబ్బరిపీచు పరిశ్రమకును తరలితిమి. మరల వెనుకకు పోరాదు కదా.”

“మరి ఈ వెబ్‌సైటు తయారుచేసినాయనకు ఫోన్ చెయ్యండి!”

“ఆయన పశువైద్యులు. ఈ వేళకు ఈనే గేదెల దగ్గర ఉంటారు. ఫోను ఎత్తరు.”

“పశువుల డాక్టరు చేత రాయించారా?” అప్రయత్నంగా అనేశాడు చెన్నకేశవులు.

“కంప్యూటర్ పనిని కంప్యూటర్ వారికే అప్పగించుటలో వైవిధ్యమేమున్నది?” అన్నారు పరాంకుశం గారు.

గోడ గడియారం నాలుగున్నర దాటింది. గడువులోగా నివేదిక వెళ్లకపోతే కాలేజీకి శ్రేణి రాదు. అంతేకాదు, మండలి ఇక్కడికి రానట్టే నమోదవుతుంది. “అనగా సాంకేతికముగా మేము ఇచ్చట లేము,” అన్నారు అధ్యక్షులు. ఆ మాట అంటూ మెడలో కండువాను ఒకసారి తడిమి చూసుకున్నారు.

అప్పుడు వెనకనుంచి గజ్జెల చప్పుడు దగ్గరకొచ్చింది. సత్యవేణి తెర వైపు చూస్తోంది.

“అది ఒక్క వృత్తి గడే చూడాలండి. అన్ని గడులూ చూసేత్తంది. కాలేజీ పేరు అరవై మందికీ ఒకటే, కోర్సూ ఒకటే కదండి. అవి కూడా రెండోసారి రాకూడదనుకుంటంది. ఈ లాప్‌టాప్‌లోంచే లోపలికెళ్లి ఒక్క చోట మారిస్తే...”

“ఆగుము తల్లీ! ఆ వాక్యము పూర్తిచేయకుము!” పరాంకుశం గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. “నీవు హరికథా విభాగము. దాన్ని ముట్టుకొన్నచో ఈ కళాశాలలో రెండవ ప్రోగ్రామరు ఉన్నట్లు రుజువగును. పునరుక్తి!”

“ముట్టుకోకపోతే మీరు ఇక్కడ లేనట్టే కదండి,” అంది సత్యవేణి.

రాజుగారు చెన్నకేశవులు వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆ చూపు పడ్డ ప్రతిసారీ చెన్నకేశవులు తలదించుకునేవాడు. ఈసారి ఎందుకో దించుకోలేదు. ఆయన జేబులో ఒక కాగితం ఉంది. సత్యవేణి మొదటిసారి గదికి వచ్చి వెళ్లిన రోజే టైపు చేసుకున్న అభ్యంతరం లేదనే ఉత్తరం అది. నెల నుంచి రోజూ జేబులో పెట్టుకుని రావడం, సంతకానికి రాజుగారి ముందు పెట్టలేక తిరిగి తీసుకెళ్లడం.

“అయ్యా, చిన్న సందేహం,” అన్నాడు అధ్యక్షుల ముందు నిలబడి. “హరికథలో పిట్టకథ ఉండవచ్చునా?”

“ఉండును. అది సంప్రదాయమే.”

“పిట్టకథలో కథ చెప్పేవారు ఏ పాత్రయినా అభినయించవచ్చునా? రాజు, బంటు, వైద్యుడు...?”

“నిరభ్యంతరముగా.”

“అయితే ఈ అమ్మాయి ఇప్పుడు పిట్టకథలో ప్రోగ్రామరు పాత్ర అభినయిస్తుందండి. ప్రోగ్రామరు కాదు. పాత్ర.”

ముగ్గురు సభ్యులూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడారు. చివరికి పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. “అభినయమైనచో అభ్యంతరము లేదు. అయితే కథ మధ్యలో ఆగరాదు. చిరతలు మోగుచుండవలెను. ఆగిన మరుక్షణము అది మరమ్మతు అగును.”

“రెండు చేతులూ మీటల మీదుంటే చిరతలెలా వాయిస్తానండి?”

“ఇలా ఇవ్వమ్మా,” అన్నాడు చెన్నకేశవులు.

ఆ విధంగా, ఇంజనీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ చిరతలు పుచ్చుకుని పక్కన నిలబడ్డాడు. సత్యవేణి నిలబడే లాప్‌టాప్ మీదికి వంగింది. కాలితో గజ్జె మోగిస్తూ, వేళ్లతో మీటలు నొక్కుతూ, గొంతెత్తింది.

“వినండయ్యా పెద్దలారా! అరవై మంది బిడ్డలకూ ఒకటే బడి! బడి పేరు ఒకటైతే బిడ్డలందరూ ఒకటేనా? అని ఆ యంత్రానికి బుద్ధి చెప్పబోతూ ఆ చిన్నది ఏం చేసిందయ్యా అంటే...”

“ఏం చేసింది?” అన్నాడు కొబ్బరిపీచు సభ్యుడు, లీనమైపోయి.

“తాళాల గది తెరిచింది! తెరిచి చూస్తుంది గదా, అడుగడుక్కీ కాపలా! పేరు దగ్గర కాపలా, ఊరి దగ్గర కాపలా, కోర్సు దగ్గర కాపలా! ఉండాల్సింది ఒక్క గుమ్మం దగ్గరైతే, ఆ పశువుల డాక్టరు గారు దొడ్డి చుట్టూ పెట్టేశారయ్యా!”

బల్లల వెనకున్న పిల్లలు, లబ్ధిదారులు అందరూ చుట్టూ మూగారు. జనం “గోవిందా!” అన్నారు. చెన్నకేశవులు మొదట తాళం తప్పాడు గాని రెండు నిమిషాల్లో కుదురుకున్నాడు. చూస్తుండగానే ఆయన కాలు కూడా కదిలింది. గడియారంలో అయిదుకు నాలుగు నిమిషాలుంది.

“ఇక ఒక్క మీట! ఒక్క మీట నొక్కితే చాలు...” సత్యవేణి గొంతు తారస్థాయికి వెళ్లి అక్కడ నిలిచింది. వేలు మీట మీదికి వెళ్లి గాలిలో ఆగింది. గజ్జె మాత్రం ఆపలేదు. “కథ రసపట్టులో ఉండగా పళ్లెం తిప్పడం ఆచారమండి.”

చెన్నకేశవులుకు చప్పున అర్థమైంది. చిరతలు నూకరాజు చేతిలో పెట్టి, అతిథుల బల్ల మీది పూతరేకుల పళ్లెం ఖాళీ చేసి, జేబులోంచి ఉత్తరం తీసి అందులో పరిచాడు. దాని మీద కలం పెట్టాడు. నేరుగా రాజుగారి ముందు నిలబడ్డాడు.

రాజుగారు అలవాటుగా నోటు కోసం జేబులో చెయ్యి పెట్టి, పళ్లెంలోకి చూసి ఆగిపోయాడు.

“ఏటండిది మేష్టారూ?”

“సంభావనండి.”

“తనిఖీ అయ్యాక చూద్దామన్నానా లేదా?”

“మీరేం అనలేదండి. నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.”

చెన్నకేశవులు పళ్లాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. రాజుగారు గడియారం వైపు చూశాడు. పరాంకుశం గారి వైపు చూశాడు. ఆయన అప్పటికే సగం లేనట్టు పాలిపోయి ఉన్నారు. “సంతకము చేయుడు మహాశయా, కథ ఆగినచో మరమ్మతగును!” అన్నారు.

రాజుగారు సంతకం చేశాడు. సత్యవేణి మీట నొక్కింది. పచ్చటి అక్షరాలతో ‘స్వీకరించబడినది’ అని వచ్చింది. అందరికన్నా ముందు “గోవిందా!” అని కేకపెట్టింది అధ్యక్షులవారే. ఆ అదురుకు బాతులు బుట్టలోంచి బయటపడ్డాయి.

సోమవారం సత్యవేణి విశాఖపట్నం బస్సెక్కింది. ఏరు దాటించడానికి ధనరాజు ఆ వేళ పంటును ఒక ట్రిప్పు ముందే కదిలించాడు. చెన్నకేశవులు రేవు దాకా వచ్చి పూతరేకుల పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

మండలి నుంచి ఫలితం వచ్చింది. వృత్తి వైవిధ్యంలో శ్రీ కామాక్షీ కళాశాలకు అత్యున్నత శ్రేణి. రాజుగారు కొత్త ఫ్లెక్సీకి ముఖాలు ఏరుతుండగా, వెనకనే రహస్యం అని ముద్ర వేసిన తాఖీదు ఒకటి వచ్చింది.

“తనిఖీ సమయమున మీ కళాశాలలో కంప్యూటర్ తెలిసిన విద్యార్థిని ఒకరు ఉన్నట్లు మండలి దృష్టికి వచ్చినది. ఇది ఎట్లు సంభవించెనో సంజాయిషీ సమర్పించవలెను. పునరావృతము కాకుండుటకు తీసుకొన్న చర్యలను తెలుపవలెను.”

రాజుగారు కంగారుపడిపోయి మాస్టారిని పిలిపించాడు. చెన్నకేశవులు ఏమాత్రం తడుముకోకుండా అక్కడికక్కడే జవాబు రాసి ఇచ్చాడు.

“ఆర్యా, సదరు విద్యార్థిని ఇప్పటికే జిల్లా విడిచి వెళ్లిపోయినది. మిగిలినవారి వలన అట్టి ప్రమాదమేమియు లేదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాను.”

“బాగా రాశారండి,” అన్నాడు రాజుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, కింద సంతకం పెడుతూ.